ఉప్పమ్మే ఆవిడ

కయానీలో నవంబరు. మూడింటికే చీకటి.
నది మీద ఇంకా పూర్తిగా పేరుకోని మంచు
రాత్రంతా పళ్ళు కొరుకుతోంది.
రెండో అంతస్తులో మేమిద్దరం, రెండు తెరలు,
ఒకటే హీటరు. సగం తగాదాలు దాని కోసమే.

మిగతా సగం ఊళ్ళ కోసం.

"ఊరుండాలి," అంటుంది హిల్కా.
"ఇన్ని కొండలెక్కి దిగినవాడికి
చెప్పులు విప్పే చోటొకటి ఉండొద్దా?"

ఆటల్లో ఊళ్ళు నాకు తెలుసు.
తలమీద పసుపు గుర్తు మోస్తూ నిలబడ్డ పెద్దాయన,
పదోసారి పలకరించినా
తప్పిపోయిన అదే మేక.
నవ్వే కమ్మరి. నవ్వే సత్రం యజమాని.
కత్తి పట్టుకుని ఇంట్లో దూరి
కుండలన్నీ పగలగొట్టినా
"దయచేయండి" అనే మర్యాద.
అది మర్యాదా? గోడకి కొట్టిన బంతి.

నా లోకంలో గాలి ఉంది, నాచు ఉంది,
ఎలుగుబంటి ఉంది, దాని ఆకలి నిజం.
నరసంచారం లేదు.
ఎవరూ నిన్ను వీరుడా అని పిలవరు.
అంతకన్నా గౌరవం ఏం కావాలి?

పదకొండు నెలలు గీశాను ఆ ఖాళీని.
ఖాళీ గీయడం తేలికనుకునేవాళ్ళు
ఒక్క బండరాయినైనా
ఎవరూ పెట్టనట్టు పెట్టి చూడండి.

ఆడి చూడమని ఇరవై మందికి ఇచ్చాం.
అందరిదీ ఒకే లోకం. ఒకరికొకరు కనబడరు,
వదిలేసిన వస్తువులు మాత్రం కనబడతాయి.
వాళ్ళలో ఓస్మో ఒకడు.
రాత్రుళ్ళు హైవే మీద మంచు తోసే బండి నడిపి
పొద్దున పడుకునే ముందు గంటసేపు ఆడతాడు.
మూడో వారం మెయిల్ రాశాడు:
"ఉప్పమ్మే ఆవిడకి చలికాలంలో ఏం తీసుకెళ్ళాలి?"

ఏ ఉప్పు? ఏ ఆవిడ?

హిల్కా తన కాఫీ కప్పులోకి చూస్తోంది.

ఈశాన్య మూల, చిత్తడి దాటాక,
ఎవరూ పోరనుకున్న చోట
ఒక చెక్క గది, ఒక ముసలావిడ.
నాకు చెప్పకుండా, ఒక ఆదివారం.
గుమ్మం మీద "ఉప్పు" అని బోర్డుందే గానీ
ఆమె దగ్గర చిటికెడు లేదు;
బేరం రాయడానికి హిల్కాకి టైం చాల్లేదట.
ఉన్నది ఒక్క మాట:
"గాలి తిరిగింది. కాసేపాగి వెళ్ళు."

అంతే. పని చెప్పదు. బహుమతి ఇవ్వదు.
మేక తప్పిపోలేదు.

తీసేద్దామనే తెరిచాను.
ఎవరెక్కడ ఎంతసేపు ఆగారో చూపించే పటంలో
నా కొండలన్నీ పల్చటి ఎరుపు,
నాలుగు నెలలు పట్టిన నా జలపాతం ఒక గీత.
ఆ గుమ్మం ముందు మాత్రం
నెత్తురు గడ్డకట్టినట్టు.

వెళ్ళి చూశాను.
మా ఆటలో చేతిలోది కింద పెట్టొచ్చు, ఇవ్వడం లేదు.
పెట్టి వెళ్ళారు.
జింక కొమ్ములు, ఎండిన పుట్టగొడుగులు,
విరిగిన తెడ్డు,
ఎవరో మూడు కొండల అవతల నుంచి మోసుకొచ్చిన
ఎందుకూ పనికిరాని నీలం రాయి.
ఆమె వంగలేదు. వంగడం ఆమెకి ఎవరూ రాయలేదు.
కుప్ప మోకాళ్ళ దాకా పెరిగింది.

గెలిచానంది హిల్కా.
వారంలో నలభై ఇళ్ళ ఊరు కట్టింది.
బావి, సంత, ఈల వేసే కుర్రాడు, నూట ఇరవై మాటలు.
జనం ఊళ్ళోంచి పరుగెత్తారు,
కొమ్ములు అమ్ముకున్నారు,
సగం మాటలోనే బటన్ నొక్కి దాటేశారు.
ఎవరి గుమ్మంలోనూ ఎవరూ ఏమీ పెట్టలేదు.

ఆ రాత్రి ఊరిని తనే చెరిపేసింది, ఇల్లు వెనక ఇల్లు.
ఈల కుర్రాణ్ణి చివరిదాకా ఉంచింది.
నేను హీటరు ఆమె వైపు తిప్పాను.

నేను మార్చింది ఒక్కటే.
ఎవరైనా వెళ్ళిపోతుంటే
చిత్తడి మలుపు దాకా
ముసలావిడ తల తిప్పి చూస్తుంది.
రెండు రోజుల పని. మెడ దగ్గర ఇంకా పట్టేస్తోంది.
వెనక్కి చూడనివాళ్ళకి తెలియను కూడా తెలియదు.

ఓస్మోకి జవాబివ్వాలి.
"ఉప్పు తీసుకెళ్ళు" అని రాశాను,
కొట్టేశాను, మళ్ళీ రాశాను.

మా లోకంలో ఉప్పు ఎక్కడా లేదు.
రేపు సముద్రం వైపు కొంచెం పెట్టాలి.